అమలాపురం లాడ్జి, సఖినేటిపల్లి పంటు, మా నాటకం సోఫా

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. నెల కావస్తున్నా తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది. అమలాపురంలో మేం దిగిన లాడ్జికి ఒక్క రాత్రికి 10,700 రూపాయలు కట్టాం. ఫోన్లో మాట్లాడుకున్నది 6,400.

మేం తొమ్మిది మందిమి. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని చూసిన ఒక కామెడీ సీరియల్‌ని నాటకంగా మార్చి, ఈ సంక్రాంతి వెళ్ళిన వారానికి గోదావరి జిల్లాల్లో మూడు ఊళ్ళలో ఆడాం. సీరియల్ పేరు ఇక్కడ రాయను. హక్కులున్న నిర్మాతగారు ఈ మూడు ప్రదర్శనలకే ఒప్పుకున్నారు, మిగతా మాటలు ఇంకా నడుస్తున్నాయి. నాటకంలోకి తిరగరాసింది మా బాబాయి. ఇంటి ఓనరు వేషం కూడా ఆయనదే. నాది లైట్లు, లెక్కలు.

బాబాయికి ఈ పిచ్చి పట్టింది ఫాల్టీ టవర్స్ వల్ల. బీబీసీలో 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లే వచ్చిన, ఒక హోటల్ ఓనరు చుట్టూ తిరిగే ఇంగ్లిష్ కామెడీ సీరియల్ అది. అందులో మూడింటిని, దాని రచయితల్లో ఒకడూ ఆ ఓనరుగా నటించినవాడూ అయిన జాన్ క్లీజ్ ఒకే కథగా కలిపి రాస్తే, 2024లో లండన్‌లో నాటకంగా ఆడించారు. తర్వాత అది ఊళ్ళు తిరగడానికి కూడా బయల్దేరింది. బాబాయి అదే దారి పట్టాడు. మా సీరియల్‌లోంచి మూడు ఎపిసోడ్లు తీసుకుని, అద్దె బాకీ అనే ఒక్క దారంతో కుట్టాడు. కథంతా ఒక హాలు, ఒక సోఫా చుట్టూనే తిరుగుతుంది కాబట్టి స్టేజీకి సరిగ్గా సరిపోయింది. ఇబ్బందల్లా క్లోజప్పులతోనే. టీవీలో ఓనరు కనుబొమ్మ ఎగరేస్తే చాలు, జనం నవ్వేవారు. హాల్లో చివరి వరసకి కనుబొమ్మ ఎక్కడ కనిపిస్తుంది? అందుకని కోపం వచ్చినప్పుడల్లా భుజం మీది కండువా తీసి ఫట్‌మని దులపడం పెట్టుకున్నాడు. రిహార్సల్‌లో అది నాకు నచ్చలేదు. రాజమండ్రిలో మూడోసారి దులిపేసరికి, ఆయన చెయ్యి కండువా మీదికి వెళ్ళకముందే జనం నవ్వడం మొదలుపెట్టారు.

రాజమండ్రిలో అంతా సవ్యంగా జరిగింది. ఆనం కళాకేంద్రంలో కూర్చున్న పెద్దవాళ్ళకి డైలాగులు మాకంటే ముందే వస్తున్నాయి. 1880లోనే వీరేశలింగం పంతులుగారు నాటకం ఆడించిన ఊరు కదా, బాబాయి తెర లేచే ముందు స్టేజీకి రెండుసార్లు దండం పెట్టుకున్నాడు.

మర్నాడు ధవళేశ్వరం, జొన్నాడ బ్రిడ్జి, రావులపాలెం మీదుగా కోనసీమలోకి దిగాం. మధ్యలో అంబాజీపేటలో ఆగండి, ఆగకపోతే మీకే నష్టం. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పొట్టిక్కలు అంటారు. వేడిగా ఉండగానే ఆకు ఒలిస్తే, ఆకు ఈనెలు పిండి మీద అచ్చు పడి ఉంటాయి. ఆ పనసాకు వాసనకి అల్లం పచ్చడి తోడైతే ఇక మాటల్లేవు. తొమ్మిది మందికి టీలతో కలిపి 720 అయింది. రాత్రి బస్సు పడక హైదరాబాద్ నుంచీ మూతి ముడుచుకుని కూర్చున్న మా హీరోయిన్ నాలుగు తిని మొదటిసారి నవ్వింది.

అమలాపురంలో ప్రదర్శన బాగానే జరిగింది. ఇక లాడ్జి. పేరు రాయను. నాలుగు గదులు, ఒక్కోటి 1,600 అన్నారు. వెళ్ళేసరికి మూడే ఉన్నాయన్నారు, అదీ పండగ రేటు 2,200 చొప్పున. పండగ వెళ్ళి వారమైంది! ఆడవాళ్ళిద్దరికీ ఒక గది ఇచ్చి, ఏడుగురం రెండు గదుల్లో సర్దుకున్నాం. అర్ధరాత్రి అలసిపోయి ఉన్నాం, గొడవెందుకని ఊరుకున్నాం. బాత్రూంలో నీళ్ళు సన్నటి ధారగా వస్తుంటే, మేకప్ కొబ్బరినూనెతో తుడుచుకుని, మగ్గుతో మొహాలు కడుక్కునేసరికి రెండయింది.

పొద్దున బిల్లు చూస్తే గదులకు 6,600, అదనపు పరుపులు మూడింటికి 1,500, జనరేటర్‌కి 600, మేకప్ మరకలు పడ్డాయని ఐదు దుప్పట్లకు 2,000. మేనేజరు ఒక దుప్పటి తెచ్చి కౌంటర్ మీద పరిచాడు. మధ్యలో గుండ్రంగా, గోధుమరంగులో, అంచు ముదిరిపోయిన మరక. టీ గ్లాసు అడుగు ఎంతుంటుందో సరిగ్గా అంతే. బాబాయి ఏమీ అనలేదు. చెవి వెనక ఇంకా మిగిలున్న రంగుని బొటనవేలితో తీసి, ఆ మరక పక్కన రాశాడు. గులాబీ రంగు.

"ఇదండీ మా మేకప్. అదేంటో మీరే చెప్పండి" అన్నాడు.

"అవన్నీ నాకు తెలీదు సార్, ఓనరుగారు రాయమన్నారు, రాశాను."

మా ఆధార్ కార్డులు అసలువే అతని సొరుగులో ఉన్నాయి. డబ్బు కట్టేదాకా ఇవ్వనన్నాడు. కట్టాం. రెండు ఊళ్ళలోనూ కండువా దులిపి జనాన్ని నవ్వించిన మనిషి రాజోలు దాటేదాకా నోరు విప్పలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చివరికి ఆయనే అన్నాడు: "ఫాల్టీ టవర్స్ కూడా ఇలాగే పుట్టిందిరా. 1970లో షూటింగ్‌కి ఇంగ్లండ్‌లోని టార్కీ వెళ్ళి ఒక హోటల్లో దిగితే, ఆ యజమాని మొరటుతనం చూసి క్లీజ్ ఆ పాత్ర రాసుకున్నాడు." ఆ దుప్పటి సీను తన నాటకంలోనూ పెడతానన్నాడు. నేనైతే తప్పకుండా పెట్టాలంటాను.

మీరు బృందంగా వెళ్తుంటే గదుల సంఖ్య, రేటు వాట్సాప్‌లో రాయించుకోండి. ఆధార్ జిరాక్సు మాత్రమే ఇవ్వండి. దుప్పట్లకి దిగగానే ఫోటోలు తీసుకోండి.

నరసాపురం వెళ్ళడానికి చించినాడ బ్రిడ్జి ఉంది. బాబాయి మాత్రం సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీదే, అంటే బండ్లనీ మనుషుల్నీ నది దాటించే పడవ మీదే వెళ్దామన్నాడు. ట్రక్కుకి 250, మనుషులకి వేరే. పంటు ఎక్కాక, ట్రక్కులో సోఫాకి కట్టిన తాడు వదులైందని దాన్ని కిందికి దించాం. మళ్ళీ ఎక్కించే లోపు పంటు కదిలింది. చేపల బుట్టతో ఉన్న ఒక ముసలావిడ "కూర్చోవచ్చాండీ?" అని అడిగి కూర్చుంది. పక్కన ఇద్దరు స్కూలు పిల్లలు ఇరుక్కున్నారు. గోదావరి పాయ వశిష్ఠ మధ్యలో, మా నాటకంలో అద్దె బాకీ గొడవ జరిగే సోఫా మీద ఆ ముగ్గురూ ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. పొద్దున్నుంచి బాబాయి మొహంలో కళ కనపడింది అప్పుడే.

ఆఖరి ప్రదర్శన నరసాపురం దగ్గర పల్లెలో, గుడి పక్క అరుగు మీద. బస కల్యాణ మండపంలో. తొమ్మిది మందికీ కలిపి 3,000. చాపలు, దిళ్ళు, బావి దగ్గర కావలసినన్ని నీళ్ళు. రాత్రి భోజనం ఊరివాళ్ళే పెట్టారు. డబ్బులిస్తే "ఆయ్, అదేంటండీ" అని వెనక్కి ఇచ్చేశారు. నా మాటగా చెబుతున్నాను, ఈ వైపు నాటకం తెచ్చేవాళ్ళు లాడ్జిల జోలికి వెళ్ళకండి, మండపం అడగండి.

రెండో సీన్లో కరెంటు పోయింది. ఒక్కో షోకి 4,500 అద్దె పోసి తెచ్చిన కాలర్ మైకులు మూగబోయాయి. నాకు చేతులు చల్లబడ్డాయి. జనం మాత్రం లేచి వెళ్ళలేదు. కుర్చీలు, చాపలు ఎత్తుకుని అరుగు అంచుదాకా జరిగారు. ఎవరో రెండు బైకులు తెచ్చి హెడ్‌లైట్లు వేశారు. బాబాయి గొంతు పెంచలేదు. అంత దగ్గరికొచ్చిన జనానికి కండువా కూడా అక్కర్లేదని గ్రహించి, టీవీలో లాగే కనుబొమ్మ ఎగరేశాడు. ముందు వరస పిల్లలు పగలబడి నవ్వారు.

శివరాత్రికి మళ్ళీ రమ్మన్నారు, మండపానికి ఈసారి అద్దె వద్దన్నారు. బాబాయి అక్కడి నుంచే నిర్మాతగారికి ఫోన్ చేశాడు. రెండు రోజుల్లో చెబుతానన్నారట. సోఫాని మండపంలోనే వదిలేసి వచ్చాం.