వానపాము ప్రాక్టికల్‌కి స్పైకర్‌బాక్స్: కొంటే ‘ప్రో’నే కొనండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు డిగ్రీ జువాలజీ ల్యాబుకి బ్యాక్‌యార్డ్ బ్రెయిన్స్ కంపెనీ వాళ్ల న్యూరాన్ స్పైకర్‌బాక్స్ (నాడుల విద్యుత్ సంకేతాల్ని చూపించే, వినిపించే చిన్న పెట్టె) తెప్పించాలనుకుంటే, ఒకేసారి రెండు చోట్ల రికార్డు చేసే, అంటే రెండు ఛానెళ్లుండే ‘ప్రో’ తీసుకోండి. ఒక్క ఛానెల్‌తో స్పైక్ (నాడిలో పరుగెత్తే విద్యుత్ సంకేతం) కనపడుతుంది, వినపడుతుంది. అది ఎటు పోయిందో, ఎంత వేగంగా పోయిందో తెలియాలంటే రెండు చోట్ల పట్టాల్సిందే.

తాకగానే వానపాము ముడుచుకుపోతుంది కదా, ఆ పని చేయించేది నాడీదండంలోని మూడు పెద్ద తంతువులు. తలవైపు తాకితే మధ్యది ఫైర్ అవుతుంది, అంటే స్పైక్ పంపుతుంది; తోకవైపు తాకితే పక్కవి రెండూ కలిసి ఫైర్ అవుతాయి. మధ్యది లావు, అందుకే వేగం కూడా దానిదే ఎక్కువ.

వర్మీ కంపోస్టు షెడ్డు నుంచి లావుపాటి వానపామును (ఎర్రని) తెచ్చుకోండి. మత్తివ్వడానికి 10 మి.లీ. ఇథనాల్, 90 మి.లీ. నీళ్లు కలిపి, కదలిక ఆగేదాకా అందులో ఉంచండి. 3 నుంచి 5 నిమిషాలు చాలు. మిథిలేటెడ్ స్పిరిట్ మాత్రం వాడొద్దు, అందులో మిథనాల్ ఉంటుంది. తర్వాత మంచినీళ్లలో కడిగి, పైతడి అద్దేసి, కార్క్ మీద పరిచి పిన్నులు గుచ్చండి. పిన్నుల చుట్టూ నీళ్లు నిలిస్తే సిగ్నల్ షార్ట్ అయి చిన్నదైపోతుంది. మత్తు ఎక్కువైతే అసలు స్పైకే రాదు. మళ్లీ కడిగి, తడిగుడ్డలో కాసేపు ఉంచితే తేరుకుంటుంది.

రెండు ఛానెళ్ల పిన్నుల మధ్య 30 మి.మీ. ఉంచండి. స్పైక్ 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే వేగం సెకనుకు 15 మీటర్లు. చాలామంది 10 మి.మీ. దూరమే పెడతారు. సెకనుకు 10,000 నమూనాలు తీసుకున్నా ఒక్కో నమూనా 0.1 మిల్లీసెకను, కాబట్టి అంత దగ్గర్లో లెక్క బాగా తప్పుతుంది.

తాకడానికి ప్లాస్టిక్ పుల్ల వాడండి, ఇనుప ఫోర్సెప్స్ వద్దు. రెండు ఛానెళ్లలోనూ ఒకే క్షణంలో గీత లేచిందంటే అది నాడీ స్పైక్ కాదు, మీ చేతి నుంచి వచ్చిన విద్యుత్ అలజడి. 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు లైను నుంచి వచ్చే గుయ్‌మనే చప్పుడు) వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయండి, ట్యూబ్‌లైటు, ఫ్యాను ఆపండి. మే నెలలో మన దగ్గర ఫ్యాను ఆపడమంటే నరకమే, వానపామూ తట్టుకోలేదు. ఉదయం 8 లోపే ప్రాక్టికల్ పెట్టుకోవడం మంచిది. సముద్రపు గాలికి పిన్నులు త్వరగా పాడవుతాయి, వాడాక డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి పొడిగా దాచండి.

ఈ పెట్టె అసలు విలువ మత్తు దిగాక తెలుస్తుంది. అదే చోట మళ్లీ మళ్లీ తాకుతూ పోండి. తంతువులో స్పైక్ కొంతసేపు ఇంకా వస్తూనే ఉంటుంది, ముడుచుకోవడం మాత్రం తగ్గిపోతుంది. అంటే ముందుగా అలవాటు పడింది పెద్ద తంతువు కాదు, దానికీ కండరానికీ మధ్య ఉన్న దారి. పుస్తకంలో హాబిట్యుయేషన్ అని చదివి వదిలేసే పాఠం తెర మీద ఇంత స్పష్టంగా కనపడటం గొప్ప విషయం.

ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ తెచ్చిన ఎప్లీసియా (ఒక సముద్రపు నత్త) మొప్ప ముడుచుకునే ప్రయోగాల్లాంటివి చేద్దామని మాత్రం దీన్ని కొనకండి. ఆ ప్రయోగాల్లోలా సినాప్సు (రెండు నాడీకణాలు కలిసే చోటు) బలం కొలవాలంటే కణం లోపలికి మైక్రోఎలక్ట్రోడ్ పోవాలి. ఇది కణం బయటి నుంచే రికార్డు చేస్తుంది.