ఇరుంగాట్టుకోట్టైలో వెనక చక్రాల బండి

నెల్లూరు నుంచి చెన్నైకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఆసుపత్రులకు, పెళ్ళి బట్టలకు, ఎయిర్‌పోర్టుకు. కారు నడపడం నేర్చుకోవడానికి వెళ్ళింది మాత్రం ఇదే మొదటిసారి. పద్నాలుగేళ్ళుగా నడుపుతున్నావు, ఇంకా కొత్తగా నేర్చుకునేదేముందని ఇంట్లో అడిగారు. దానికి జవాబు ఫిబ్రవరిలో ఒక శనివారం, చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద, పది మంది చూస్తుండగా దొరికింది.

శుక్రవారం మధ్యాహ్నం నేనూ మా బావమరిదీ నా స్విఫ్ట్‌లో బయలుదేరాం. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటాక రోడ్డు గురించి చెప్పాల్సిందేమీ లేదు. చోళవరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేగం తగ్గించాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి ఉండేది అక్కడ. యుద్ధం అయిపోయాక మద్రాసు కార్ల రేసులు చాలా ఏళ్ళు దాని మీదే జరిగాయి. మా నాన్నగారు కాలేజీలో చదివే రోజుల్లో స్నేహితులతో రైలెక్కి వచ్చి చూశారట. ఆ రేసుల మాటలు వింటూ పెరిగాను కాబట్టే రేసు కారు నడపడం నేర్పే ఈ కోర్సు మీద ఇంత మనసు పడింది. నాన్నగారికి అంబాసిడర్ ఉండేది, అది వెనక చక్రాల బండి, అంటే ఇంజిన్ వెనక చక్రాలను తిప్పేది. నాకు స్టీరింగ్ అందే వయసు వచ్చేసరికి అమ్మేశారు. నేను నేర్చుకున్నది మారుతి 800 మీద. అప్పటి నుంచి ఇప్పటి స్విఫ్ట్ వరకు నేను నడిపినవన్నీ ముందు చక్రాలు లాగే బళ్ళే.

మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఊళ్ళోకి వెళ్ళకండి. మింజూరు, వండలూరు మధ్య వేసిన ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నజరత్‌పేట దగ్గర దిగితే నేరుగా బెంగళూరు హైవే మీద పడతారు. మధురవాయల్ ట్రాఫిక్, పూనమల్లి ట్రాఫిక్ రెండూ తప్పుతాయి. బస్సులో వచ్చేవాళ్ళకు పూనమల్లి నుంచి కాంచీపురం వైపు వెళ్ళే బస్సులున్నాయి, ఇరుంగాట్టుకోట్టైలో దిగవచ్చు. కానీ పొద్దున్నే రిపోర్ట్ చేయాలి, మధ్యాహ్నానికి ఒళ్ళు హూనమైపోతుంది. సొంత బండి ఉంటే సుఖం. ఉన్నా మీరే నడుపుకుంటూ అదే రోజు వెనక్కి రావద్దు.

బస విషయంలో మొదటి రాత్రి దెబ్బతిన్నాం. శ్రీపెరంబుదూరులో హైవేని ఆనుకుని ఉన్న ఒక లాడ్జిలో 2,200 రూపాయలకు గది తీసుకున్నాం. ఫొటోల్లో బాగానే ఉంది. అయితే చుట్టుపక్కలంతా కార్ల ఫ్యాక్టరీలు, విడిభాగాల కంపెనీలు. హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఇరుంగాట్టుకోట్టైలోనే ఉంది. తెల్లవార్లూ కంటైనర్లు, కార్లు మోసుకెళ్ళే ట్రెయిలర్లు తిరుగుతూనే ఉంటాయి. బ్రేక్ వేసినప్పుడల్లా వచ్చే ఆ బుస్సుమనే చప్పుడికి నాకు మూడు గంటల కన్నా ఎక్కువ నిద్ర పట్టలేదు. వేణ్ణీళ్ళు ఆరు తర్వాతే అన్నారు, ఏడింటికీ రాలేదు. రెండో రాత్రికి లోపలి వీధిలో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. కంపెనీ పని మీద వచ్చే కొరియా వాళ్ళు ఎక్కువగా దిగే చోటు అది. అద్దె ఇంకో వెయ్యి ఎక్కువైనా శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. మళ్ళీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే ఉంటాను. హైవే మీద కనిపించే గదిని మాత్రం ఎంత చవకైనా తీసుకోవద్దు.

ఇక ట్రాక్. 1990 ప్రాంతంలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టించింది. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. గేటు దాటి లోపలికి వెళ్తే ముందు పెద్దగా ఏమీ అనిపించదు. బళ్ళు ఆగి బయలుదేరే పిట్ గోడ దగ్గర నిలబడి, మెయిన్ స్ట్రెయిట్ అనే తిన్నని రోడ్డు చివరిదాకా చూసినప్పుడు మాత్రం నాకు గొంతు పట్టేసింది. నాన్నగారు ఉంటే బాగుండేది అనిపించింది.

మాకు ఇచ్చినవి ఒకే సీటు ఉండే ఫార్ములా బళ్ళు. ఇంజిన్ మారుతిదే, 1300 సీసీ పెట్రోల్. మన దేశంలో ఈ రకం బళ్ళు ఇలా సామాన్యులకు అందడానికి కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్‌ను తలుచుకోవాలి. మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి తయారుచేసింది ఆయనే. వీధి చివర మెకానిక్‌కి కూడా తెలిసిన ఇంజిన్‌ని వీపు వెనక పెట్టి వెనక చక్రాలను తిప్పిస్తే అది పూర్తిగా వేరే బండి అయిపోతుంది. కూర్చోవడం కాదు, దాదాపు పడుకోవడం. బెల్టులు బిగిస్తే ఊపిరి తీసుకోవడానికి కాస్త చోటు మిగులుతుంది, అంతే. రెండు ముందు చక్రాలూ కళ్ళ ముందే తిరుగుతూ కనిపిస్తాయి. వెనక ఏం జరుగుతోందో మాత్రం నడుముతోనే తెలుసుకోవాలి.

పొద్దున్న క్లాసులో శిక్షకుడు అడిగాడు: మలుపు మధ్యలో బండి చెయ్యి దాటుతోందనిపిస్తే ఏం చేస్తారు? అందరికన్నా ముందు నేనే చెప్పాను, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తానని. ఈ బండిలో సరిగ్గా అదే చేయకూడదన్నాడాయన. బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. ముందు చక్రాల బండిలో వేగం ఎక్కువైతే ముక్కు మలుపు బయటికి జారుతుంది, కాలు తీస్తే బరువు ముందుకొచ్చి ముక్కు దారిలోకి వస్తుంది. అందుకే ఆ అలవాటు మనల్ని కాపాడుతూ వస్తుంది. వెనక చక్రాల బండిలో మలుపు మధ్యలో టక్కున కాలు తీస్తే ముందుకొచ్చిన బరువంతా వెనక టైర్లను తేలిక చేసేస్తుంది. పట్టు పోతుంది, వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది. ఒకవేళ తిరిగిపోతే క్లచ్, బ్రేక్ రెండూ పూర్తిగా తొక్కి పట్టుకోండి అన్నాడు. ఇదంతా నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

రాసుకున్న రెండు గంటలకు ట్రాక్ మీద ఉన్నాను. పిట్‌లో నుంచి కదిలేటప్పుడే మూడుసార్లు బండి ఆఫ్ అయిపోయింది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అందలేదు. వెనక నాలుగు బళ్ళు ఆగాయి. మొదటి చుట్టు నెమ్మదిగా, రెండోది కాస్త ధైర్యంగా. మూడో చుట్టులో ఒక కుడి మలుపులోకి కొంచెం వేగంగా వెళ్ళాను. బండి చక్కగా తిరుగుతోంది. తప్పేమీ జరగలేదు. కానీ నాకు భయం వేసింది. కాలు తీసేశాను.

వెనక నుంచి ఎవరో బండిని పట్టుకుని పక్కకి లాగినట్టయింది. ఎదురుగా ఉండాల్సిన రోడ్డు చెయ్యిపక్కకు వెళ్ళిపోయింది, తర్వాత గడ్డి, తర్వాత నేను వచ్చిన దారే ఎదురుగా కనిపించింది. బ్రేక్ తొక్కాను, క్లచ్ మర్చిపోయాను. ఇంజిన్ ఆగిపోయింది. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేంత మోత, ఒక్కసారిగా ఏమీ లేదు. వేడెక్కిన లోహం టిక్ టిక్‌మంటోంది. ఎర్ర దుమ్ము హెల్మెట్ అద్దం సందులోంచి లోపలికొచ్చి నాలుక మీద పడింది. వెనక చక్రాలు ఇసకలో దిగబడ్డాయి. కాసేపటికి దూరంగా మార్షల్, అంటే ట్రాక్ పక్కన కాపు ఉండే మనిషి, ఎర్ర జెండా ఊపడం చూశాను.

ఎర్ర జెండా అంటే అందరూ వేగం తగ్గించి పిట్‌లోకి రావాలి. జీపు వచ్చి తాడు కట్టి నన్ను లాగేసరికి పదిహేను నిమిషాల సెషన్‌లో ఏడు నిమిషాలు పోయాయి. తిరిగినందుకు కాదు నాకు సిగ్గేసింది. మా బ్యాచ్‌లో వేలూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఈ కోర్సు కోసం ఏడాదిగా డబ్బు కూడబెట్టుకున్నానని పొద్దున టీ దగ్గర చెప్పింది. ఆమె అప్పుడే రెండో చుట్టు మొదలుపెట్టింది. హెల్మెట్ తీసి ఆమె దగ్గరికి వెళ్ళి, నావల్ల నీ టైమ్ పోయిందమ్మా, క్షమించు అన్నాను. పరవాలేదణ్ణా అంది. కానీ ముఖం చిన్నబుచ్చుకుంది. నిర్వాహకులను అడిగితే సమయం పొడిగించడం కుదరదన్నారు. ట్రాక్ గంటల లెక్కన అద్దెకు తీసుకున్నది, సరే. కానీ ఎర్ర జెండాకి పోయే సమయం ఎవరి ఖాతాలో పడుతుందో డబ్బు కట్టేటప్పుడే చెప్పి ఉండాల్సింది. నా తర్వాతి సెషన్‌లోంచి ఏడు నిమిషాలు ఆమెకివ్వమన్నాను. దానికి ఒప్పుకున్నారు.

గ్యారేజీలో నా బండి తుడుస్తున్న మెకానిక్‌ది తిరుత్తణి. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. "కాలు తీసేస్తే ఎనక తిరగతాది సార్. బయమేస్తే కాలు అట్నే పెట్టుకోండి, చెయ్యి మాత్రం తిప్పండి," అన్నాడు. శిక్షకుడు బోర్డు మీద చెప్పిందే. నా భాషలో విన్నాక నోట్‌బుక్‌లోంచి కాల్లోకి దిగింది.

చివరి సెషన్‌లో నాకు మిగిలింది ఎనిమిది నిమిషాలు. అదే మలుపు దగ్గర వెనక భాగం మళ్ళీ కొంచెం జరిగింది. కాలు అలాగే పట్టుకున్నాను. స్టీరింగ్‌ని రెండు వేళ్ళంత ఎడమకు తిప్పాను. నడుము కింద బండి ఒకసారి ఊగి, సర్దుకుని ముందుకు తోసింది. పిట్‌లోకి వచ్చాక గ్లవ్స్ తీస్తే అరచేతులు తడిసి ముద్దయిపోయి ఉన్నాయి.

ఇలాంటి కోర్సుకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఫీజు కట్టే ముందు ఒకటి అడగండి. ట్రాక్ మీదకి పంపే ముందు ఖాళీ స్థలంలో నీళ్ళు చల్లి, కోన్‌లు పెట్టి, నెమ్మది వేగంలో బండి జారడం చూపిస్తారా అని. మాకు అది లేదు. ఉంటే నా పొరపాటు ట్రాక్ మీద కాక అక్కడే జరిగేది, ఆ అమ్మాయి టైమ్ పోయేది కాదు. మిగతావన్నీ బాగున్నాయి. బళ్ళు కండిషన్‌లో ఉన్నాయి, హెల్మెట్లు శుభ్రంగా ఉన్నాయి, అంబులెన్స్ రోజంతా అక్కడే ఉంది. భోజనం సాంబారన్నం, పెరుగన్నం పొట్లాలు, సరిపోయాయి. నీళ్ళు మాత్రం మీవి మీరు తెచ్చుకోండి. రేస్ సూట్‌లో ఫిబ్రవరి ఎండే తట్టుకోవడం కష్టం, మే నెలలో వద్దు.

ఆదివారం పొద్దున్నే శ్రీపెరంబుదూరు ఆదికేశవ పెరుమాళ్ గుడికి వెళ్ళాం. రామానుజులు పుట్టిన ఊరు. ఆయన ఉన్నప్పుడే చేయించి, ఆయనే ఆలింగనం చేసుకున్నారని చెప్పే విగ్రహం ఇక్కడుంది. మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళడం మంచిది. జనం తక్కువ, దర్శనం తీరిగ్గా అయింది.

తిరుగు ప్రయాణంలో రింగ్ రోడ్డు ఎక్కేటప్పుడు, వంపులో నా కాలు తనంతట తానే యాక్సిలరేటర్ మీద నుంచి లేవడం గమనించాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అది నా దృష్టికి రాలేదు. బావమరిది పక్కన కూర్చుని తర్వాతి బ్యాచ్ ఎప్పుడో కనుక్కోవడానికి ఫోన్ చేస్తున్నాడు. ఇద్దరికీ అడగమన్నాను.