ఈస్ట్ బర్క్ సైకిల్ ట్రెయిల్స్: రైతుల భూమి, మన పాస్, ఎక్కడ బస చేస్తే మంచిది

బోస్టన్, నాషువా వైపు ఉండే మన తెలుగువాళ్ళలో మౌంటెన్ బైక్ మొదలుపెట్టినవాళ్ళు ఎవరైనా ఏదో ఒక రోజు వెర్మాంట్ రాష్ట్రంలో ఈస్ట్ బర్క్ అనే ఊరి చుట్టూ ఉన్న కింగ్‌డమ్ ట్రెయిల్స్ అనే సైకిల్ దారుల పేరు వింటారు. మేమూ అలాగే విని వెళ్ళాం, నచ్చి మళ్ళీ వెళ్ళాం. ఇప్పుడు రాస్తున్నది ముఖ్యంగా మొదటిసారి వెళ్ళేవాళ్ళ కోసం, ఎందుకంటే ఎక్కడ రైడ్ బాగుంటుందో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి గానీ, ఆ నేల ఎవరిది, పాస్ దేనికి, ఎక్కడ బస చేస్తే అక్కడివాళ్ళకి ఇబ్బంది లేకుండా ఉంటుంది అన్నది చెప్పేవాళ్ళు తక్కువ.

ముందు అసలు సంగతి. ఈస్ట్ బర్క్ చిన్న పల్లెటూరు, చుట్టూ 100 మైళ్ళకు పైగా సైకిల్ దారులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పార్కు భూమి కాదు, ప్రభుత్వ అడవి కాదు, దాదాపు వంద మంది సొంత భూములు. ఒకరిది గడ్డి పొలం, ఒకరిది ఆవులు మేసే బీడు, ఇంకొకరిది మేపుల్ చెట్ల తోట. 1994లో మొదలైన ఒక లాభాపేక్ష లేని సంఘం వీళ్ళందరి దగ్గరా అనుమతి తీసుకుని దారులు వేసి, వాటిని బాగుచేస్తూ నడుపుతోంది. మనం కొనే పాస్ డబ్బు ఆ సంఘానికి వెళ్తుంది, రైతులకి అద్దె ఏమీ రాదు. మొదట విన్నప్పుడు నాకు ఇది అన్యాయంగా అనిపించింది, భూమి వాళ్ళది, డబ్బు ఇంకెవరికో ఏంటి అని. తర్వాత అక్కడి చట్టం చదివాక అర్థమైంది. తన భూమిలో ఎవరైనా సరదాగా నడవడానికో, సైకిల్ తొక్కడానికో వచ్చి దెబ్బ తగిలించుకుంటే, భూమి యజమాని వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోనంతవరకు, కావాలని హాని చేస్తే తప్ప అతని మీద బాధ్యత పడకుండా వెర్మాంట్ చట్టం కాపాడుతుంది. మన దగ్గర డబ్బు తీసుకుంటే ఆ రక్షణ పోయే ప్రమాదం ఉంది. అందుకే రైతు ఉచితంగా ఇస్తాడు, సంఘం పాస్ అమ్మి వంతెనలు, కాలవలు, మరమ్మతులు చూసుకుంటుంది.

ఇక్కడ మనవాళ్ళు ఒకటి గమనించాలి. మన ఊళ్ళలో డొంక ఉంటుంది, తెలంగాణలో బండ్లబాట అంటారు, అది గ్రామ పటంలో ఉంటుంది, పక్క పొలం వాడు మూసేస్తే అడిగే హక్కు మనకుంది. ఇంగ్లండ్‌లో ఉండే మా బావ అక్కడి గుర్రాల బాటల మీద సైకిల్ తొక్కే హక్కు 1968 నుంచీ చట్టంలోనే ఉందని చెబుతూ, "వెర్మాంట్‌లో కూడా అంతేగా" అన్నాడు. కానీ అక్కడ అలా కాదు. వెర్మాంట్ రాజ్యాంగంలో 1777 నుంచీ కంచె లేని భూముల్లో వేటాడే స్వేచ్ఛ ఉంది గానీ సైకిల్‌కి అలాంటిదేమీ లేదు. యజమాని వద్దంటే ఆ రోజుతో ఆ దారి పోయినట్టే.

అలా పోయింది కూడా. 2019 డిసెంబర్‌లో డార్లింగ్ హిల్ మీద ముగ్గురు భూ యజమానులు ఇక సైకిళ్ళు వద్దని చెప్పేశారు. ఈ దారులన్నిటిలో చాలామందికి ఇష్టమైన గుట్ట అదే, రెండు పక్కలా లోయలు కనిపిస్తూ మధ్యలో గడ్డి మైదానాలు. కారణం రద్దీ. ఆ గుట్ట మీద ఉన్నది ఒకే ఒక్క రోడ్డు, దాని మీద కార్లు, గుంపులు గుంపులుగా సైకిళ్ళు, చెప్పినా వినని కొందరు రైడర్లు, ఇవన్నీ ఏళ్ళ తరబడి పేరుకుపోయాయి. దీంతో ఆ ఊరి హోటళ్ళు, సైకిల్ షాపులు అన్నీ కంగారు పడ్డాయి, ఎందుకంటే అక్కడి వ్యాపారంలో పెద్ద భాగం ఈ రైడర్ల మీదే నడుస్తుంది, బోస్టన్ నుంచి, న్యూయార్క్ నుంచి, సరిహద్దు దాటి క్యుబెక్ నుంచి వచ్చేవాళ్ళ మీద. పాత వీడియోలు, పాత మ్యాప్‌లు చూసి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. అంతకు ముందు ఎవరో అప్‌లోడ్ చేసిన జీపీఎస్ ట్రాక్ పట్టుకుని వెళ్తే ఇప్పుడు అనుమతి లేని పొలంలోకి దిగుతారు. మీరు వెళ్ళే ఏడాది మ్యాప్ మాత్రమే వాడండి, ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అడవిలో సిగ్నల్ నమ్మకానికి లేదు.

పాస్ ఆన్‌లైన్‌లో కొనచ్చు, ఊరి మధ్యలో ఉన్న వెల్కమ్ సెంటర్‌లోనూ ఇస్తారు. ఒకరోజు పాస్ ఉంది, ఏడాది మొత్తానికీ ఉంది. ధర మారుతూ ఉంటుంది కాబట్టి వెళ్ళేముందు చూసుకోండి. నా మాటగా చెబుతున్నా, వీలైతే సెంటర్‌లోనే కొనండి. ఫోన్‌లో కొంటే రెండు నిమిషాల పని, నిజమే, కానీ కౌంటర్ దగ్గర నిలబడితే ఇవాళ ఏ దారి మూశారు, ఎక్కడ చెట్టు పడింది, ఏ పొలంలో గడ్డి కోస్తున్నారు, పిల్లలు ఉంటే ఎటు వెళ్ళాలి అన్నీ చెబుతారు. మా బావమరిది కొత్తగా నేర్చుకుంటున్నాడంటే అక్కడి అమ్మాయి మ్యాప్ మీద పెన్నుతో గీసి ఇచ్చింది, ఆ రోజంతా మాకు వేరే ఆలోచన అవసరం రాలేదు. ఈ-బైక్ ఉన్నవాళ్ళు తప్పకుండా అడిగి వెళ్ళండి, భూమి ఒక్కొక్కరిది కాబట్టి నియమాలు కూడా అన్నిచోట్లా ఒకటే అనుకోవద్దు.

పాస్ కొంటే ఊరికే ఒక కాగితం కోసం డబ్బు పెట్టాం అనిపించదు. మలుపుల్లో వేసిన మట్టి గట్లు (బర్మ్‌లు) చక్కగా నిలబడి ఉంటాయి, చెక్క వంతెనలు గట్టిగా ఉంటాయి, కూడలి కూడలికీ బోర్డులు. మూస్ ఆలీ అనే దారి వైపు వెళ్తే దట్టమైన అడవి, వేళ్ళు, రాళ్ళు, మెలికలు, గంటసేపు వేరే మనిషి కనిపించడు. నాకు డార్లింగ్ హిల్ అందం కంటే ఈ అడవి వైపే ఎక్కువ నచ్చింది, వారాంతంలో కూడా కాస్త ఊపిరాడుతుంది. మేపుల్ తోటల్లో మాత్రం కళ్ళు పెట్టుకుని వెళ్ళండి. చెట్టు నుంచి చెట్టుకి ప్లాస్టిక్ గొట్టాలు కట్టి ఉంటాయి, వసంతం మొదట్లో వాటిలోంచి రసం కారుతుంది, దాదాపు 40 గ్యాలన్ల రసం కాస్తే ఒక గ్యాలన్ సిరప్ వస్తుంది. దారి తప్పి అడ్డంగా వెళ్ళి ఒక గొట్టం తెంపితే ఆ రైతుకి ఎంత నష్టమో ఊహించుకోండి.

ఇప్పుడు బస గురించి, ఇక్కడే నాకు గట్టిగా చెప్పాల్సింది ఉంది. ఒకసారి స్నేహితులతో కలిసి ఒక అద్దె ఇల్లు తీసుకున్నాం, పేరు చెప్పను. ప్రకటనలో "ఇంటి వెనక నుంచే ట్రెయిల్‌కి దారి" అని రాసి ఉంది. వెళ్ళి చూస్తే ఇంటి వెనక మోకాలెత్తు గడ్డి, అందులోంచి టైర్ల చారలు. మ్యాప్‌లో అక్కడ ఏ దారీ లేదు. మేం సైకిళ్ళు దించుతుంటే పక్కాయన ట్రాక్టర్ మీద వచ్చి ఆగాడు. కోపంగా లేడు, విసిగిపోయి ఉన్నాడు. ఆ గడ్డి రెండో కోతకి పెంచుతున్నాడట, తొక్కిన చోట కోత యంత్రానికి అందదు, తడిసి కుళ్ళితే మొత్తం మోపు పాడవుతుంది. "ఈ ఇంట్లో దిగిన ప్రతివాళ్ళకీ నేనే చెప్పాల్సి వస్తోంది, ఇంటి ఓనర్ చెప్పడు" అన్నాడు. ట్రెయిల్ కోసం తన వేరే పొలం ఇచ్చాడు ఆయన, అది చాలదా అని అడిగినట్టు ఉంది ఆ మాట. మేం రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాం, ఆ ప్రకటన సరిచేయమని ఓనర్‌కి రాశాం, జవాబు రాలేదు. ఇలాంటి ఇళ్ళు బుక్ చేసేముందు "ఆ దారికి పక్క భూమి యజమాని అనుమతి ఉందా" అని సూటిగా అడగండి. నీళ్ళు నమిలితే వేరే ఇల్లు చూసుకోండి.

బసకి ఇంకో వీలు, బర్క్ మౌంటెన్ మీద ఉన్న పెద్ద హోటల్. ఈబీ-5 వీసా (పెట్టుబడి పెట్టి గ్రీన్‌కార్డు తెచ్చుకునేది) గురించి వెతికినవాళ్ళకి ఈ పేరు తగిలే ఉంటుంది, ఆ పెట్టుబడులతో కట్టిన హోటలే ఇది, ఆ పెట్టుబడుల మీద వచ్చిన జే పీక్ రిసార్టు మోసం కేసు 2016 ఏప్రిల్‌లో బయటపడ్డాక, ఆస్తులు చూసుకోవడానికి కోర్టు నియమించిన రిసీవర్ చేతిలోకి వెళ్ళి ఆ ఏడాదే తెరుచుకుంది. గదులు శుభ్రంగా ఉన్నాయి, కొండ దృశ్యం చాలా బాగుంది, సైకిల్ కడుక్కోవడానికి చోటు ఉంది. అక్కడి బైక్ పార్క్‌కి లిఫ్ట్ టికెట్ వేరే, కింగ్‌డమ్ పాస్ దానికి పనికిరాదు, రెండూ ఒకటే అనుకుని వచ్చినవాళ్ళు మాకు కనిపించారు. కుటుంబంతో వెళ్తే హోటల్ సుఖం, ఖర్చు ఎక్కువ.

మాకు అన్నిటికంటే నప్పింది సెయింట్ జాన్స్‌బరీలో దిగడం. ఈస్ట్ బర్క్ నుంచి కారులో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. కిరాణా ఉంది, ఆసుపత్రి ఉంది, సైకిల్ తొక్కనివాళ్ళకి చూడ్డానికి ఫెయిర్‌బ్యాంక్స్ మ్యూజియం ఉంది, 1871 నాటి ఎథీనియం లైబ్రరీ ఉంది. పిల్లలకి లమోయిల్ వ్యాలీ రైల్ ట్రెయిల్ అక్కడే మొదలవుతుంది, పాత రైలు పట్టాల దారి, 93 మైళ్ళు, 2023లో పూర్తయింది, పాస్ అక్కర్లేదు, నిటారు ఎక్కుళ్ళు ఉండవు. మా వదిన, పిల్లలు ఒక పూట అక్కడ తొక్కి, ఇంకో పూట విలోబీ సరస్సుకి వెళ్ళారు, రెండు నిటారు కొండల మధ్య 300 అడుగులకు పైగా లోతున్న సరస్సు, ఎండాకాలంలో కూడా నీళ్ళు చల్లగా ఉంటాయి. నిజం చెప్పాలంటే వాళ్ళే మాకంటే ఎక్కువ సంతోషంగా తిరిగొచ్చారు. టెంట్ ఇష్టమైనవాళ్ళకి ఐలండ్ పాండ్ దగ్గర బ్రైటన్ స్టేట్ పార్క్ బాగుంటుంది, మే, జూన్‌లలో మాత్రం నల్ల ఈగలు బతకనివ్వవు.

తిండి సంగతి క్లుప్తంగా: శాకాహారులు ఇబ్బంది పడరు గానీ కారం కోసం వెతకద్దు. లిండన్‌విల్ డైనర్‌లో పొద్దున్న పాన్‌కేక్, అసలైన మేపుల్ సిరప్ తినండి. సాయంత్రం ఈస్ట్ బర్క్‌లో మైక్స్ టికీ బార్ దగ్గర అందరూ చేరతారు. మేం పులిహోర, పెరుగన్నం, ఆవకాయ డబ్బా తీసుకెళ్తాం, నాషువా దాటాక ఇండియన్ స్టోర్ దొరుకుతుందని నమ్ముకోవద్దు. సైకిల్ లేనివాళ్ళకి ఊళ్ళోని ఈస్ట్ బర్క్ స్పోర్ట్స్‌లో అద్దెకిస్తారు, శని, ఆదివారాలకి ముందే చెప్పుకోవాలి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, మంచు కరిగే ఏప్రిల్‌లో వద్దు, దారులు మూసేస్తారు, బురదలో తొక్కితే ఏడాదంతా గాడి పడిపోతుంది. వాన పడిన మర్నాడు కూడా తెరిచారో లేదో చూసి బయల్దేరండి. 2024 జూలైలో పక్కనున్న లిండన్ చుట్టుపక్కల వరదలు రోడ్లనే కోసేశాయి, వాన కబురు అక్కడ తేలిగ్గా తీసుకునేది కాదు. నవంబర్ మధ్యలో జింకల తుపాకి వేట ఉంటుంది, అప్పుడు ఆ అడవుల్లోకి వెళ్ళేవాళ్ళు నారింజ రంగు వేసుకోవాలి. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో ఆకులు రంగులు మారతాయి, అప్పుడు అందం ఎంతో రద్దీ కూడా అంతే. నా అభిప్రాయంలో ఆ కొన్ని వారాంతాలకి పాస్‌ల మీద రోజువారీ పరిమితి పెట్టాలి. మూడు గంటలు కారు నడిపి వెళ్ళి పాస్ దొరక్కపోతే నాకూ బాధే, అయినా ఒప్పుకుంటాను, ఇంకో ముగ్గురు రైతులు విసిగి గేటు మూసేస్తే ఎన్ని పాస్‌లు అమ్మినా ఏం లాభం. అది వచ్చేదాకా మనం చేయగలిగింది కొంత ఉంది: పదిహేను మంది వాట్సాప్ గ్రూప్ మొత్తం ఒకేసారి దిగకుండా నలుగురైదుగురుగా వెళ్ళడం, కార్లు రోడ్డు పక్క గడ్డి మీద కాకుండా సంఘం చూపించిన పార్కింగ్‌లోనే పెట్టడం, ఆవుల కంచె గేటు తెరిస్తే వెనక వచ్చేవాడు వేస్తాడని వదిలేయకుండా మనమే వేయడం, గుర్రం ఎదురైతే దిగి పక్కకి నిలబడి పలకరించడం.

ఈసారి మేం సెప్టెంబర్ మధ్యలో మంగళ, బుధవారాలకి సెలవు పెట్టుకుంటున్నాం. ఆఫీసులో సెలవు దొరికేవాళ్ళు ఎవరైనా అలాగే పెట్టుకోండి, గదుల రేటు తగ్గుతుంది, దారులు ఖాళీగా ఉంటాయి, వెల్కమ్ సెంటర్‌లో వాళ్ళకి కూడా మాట్లాడే తీరిక ఉంటుంది.