1527 వెంట: రోమ్ నుంచి ఫ్లారెన్స్‌కి ఆరు రోజులు

ఇటలీ టూర్ ప్యాకేజీల్లో రోమ్‌కి మూడు రోజులిచ్చి, ఫ్లారెన్స్‌ని ఒక్క పూటలో తేల్చేస్తారు. నేనూ మా అక్కా రోమ్‌కి రెండు రోజులు, ఫ్లారెన్స్‌కి నాలుగు పెట్టుకున్నాం. మేం చూడాలనుకున్నది 1527 నుంచి 1530 దాకా ఆ రెండు ఊళ్ళ మీదా పడిన దెబ్బ, ఇంకా మిగిలున్న దాని ఆనవాళ్ళు.

రోమ్‌లో వాటికన్ పక్కనే బోర్గో వీధుల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది కానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. సూట్‌కేసులు పైకి చేర్చేసరికి అక్కకి ఆయాసం వచ్చింది. అయినా మళ్ళీ వెళితే అక్కడే ఉంటాను, వీధి చివర పస్సెట్టో గోడ ఉంది మరి. వాటికన్ నుంచి కాస్తెల్ సాంతాంజెలో కోట దాకా దాదాపు 800 మీటర్లు ఉంటుంది. 1527 మే 6న పోప్ ఏడవ క్లెమెంట్ ఈ గోడ మీదుగానే పరుగెత్తి కోటలో తలదాచుకున్నాడు. ఊరి మీద పడింది జర్మనీ, స్పెయిన్‌లను ఏలే చక్రవర్తి ఐదవ చార్లెస్ సైన్యం. నెలల తరబడి జీతాలందక అదుపు తప్పిన సైన్యమది. పోప్ స్విస్ రక్షకదళంలో 189 మంది ఉంటే 42 మందే మిగిలారు.

వాటికన్‌లో చిత్రకారుడు రఫాయెల్ బొమ్మలు వేసిన గదులకు తీసుకెళ్ళిన గ్రూప్ టూర్ గైడ్ మమ్మల్ని నిలబడనివ్వలేదు. ఆ డబ్బు దండగే. నదికి అదే ఒడ్డున ఉన్న విల్లా ఫార్నెసీనా అనే భవనంలో మాత్రం జనం పలుచగా ఉన్నారు. పై అంతస్తులో చిత్రకారుడు పెరూజ్జీ గోడ మీద గీసిన స్తంభాల మధ్య ఆ సైన్యంలోని జర్మన్ సిపాయి ఒకడు 1528 అని తేదీ వేసి, పోప్‌ని పరుగెత్తించాం, నవ్వకుండా ఎలా ఉంటానని గీకి పెట్టాడు. ఆ గీతలు కంటికి ఆనడానికి కాస్త వంగి చూడాలి. చూశాక మాకు కాసేపు మాట రాలేదు. అది మధ్యాహ్నం దాకానే తెరిచి ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళండి.

ఫ్లారెన్స్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో గంటన్నర. ఆర్నో నదికి అవతలి ఒడ్డున సన్యాసినులు నడిపే అతిథి గృహంలో దిగాం. రాత్రి పదకొండుకి గేటు మూసేస్తారు, సిటీ టాక్స్ విడిగా కట్టాలి. కానీ గదులు నిశ్శబ్దంగా ఉంటాయి, అడిగినదానికి ఓపిగ్గా జవాబు చెబుతారు. అక్కడి రొట్టెలో ఉప్పుండదు. శాకాహారులకి బీన్స్, ఆకుకూరలు వేసి రొట్టెతో వండే రిబొల్లీతా సూప్ హాయిగా సరిపోతుంది. అక్క దాన్లో కూడా కందిపొడి కలుపుకుంది.

పోప్ క్లెమెంట్ ఫ్లారెన్స్‌ని ఏలిన మెడిచీ వంశస్థుడు. రోమ్ పడిపోయిందని తెలియగానే ఊరివాళ్ళు మెడిచీలను తరిమేశారు. తర్వాత పోప్ చక్రవర్తితో రాజీపడి, తన రోమ్‌ని దోచిన చక్రవర్తి సైన్యాన్నే తన సొంత ఊరి మీదికి రప్పించాడు. పది నెలల ముట్టడి. ఊరి కోటగోడల బాధ్యత శిల్పి మైకెలాంజెలోది. మెట్లెక్కి సాన్ మినియాటో చర్చికి వెళితే ఆయన కాపాడిన గంట గోపురం కనిపిస్తుంది. ఫిరంగి గుళ్ళు తగలకుండా దానికి పరుపులు, ఉన్ని మూటలు వేలాడగట్టించాడట. టికెట్ లేదు. సాయంత్రం సన్యాసుల ప్రార్థనాగానం వేళకి వెళ్ళండి, మేం రెండు సార్లు వెళ్ళాం.

1530 ఆగస్టులో ఊరు లొంగిపోయాక మైకెలాంజెలో ప్రాణభయంతో దాక్కున్నాడు. ఆ చోటు సాన్ లొరెంజో మెడిచీ ప్రార్థనాలయం కింది ఇరుకు గదే అంటారు. 1975లో బయటపడింది. గోడల నిండా బొగ్గు గీతలు: కాళ్ళు, ముఖాలు, వంగిన ఒళ్ళు. అన్నీ ఆయన చేతివి కావనే పండితులూ ఉన్నారు. నలుగురేసి చొప్పున పదిహేను నిమిషాలే పంపుతారు. టికెట్లు నెలల ముందే అయిపోతాయి, వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే కష్టం.

చివరి రోజు గెలీలియో మ్యూజియం. పరాయి సైన్యం గద్దెనెక్కించిన ఆ మెడిచీల పేరే గెలీలియో 1610లో గురుగ్రహపు నాలుగు చంద్రులకు పెట్టాడు. వాళ్ళ కొలువులో ఉద్యోగం దొరికింది కానీ 1633లో రోమ్‌లో చర్చి జరిపిన విచారణ నుంచి వాళ్ళు ఆయన్ని తప్పించలేకపోయారు. ఆ చంద్రుల్ని చూసిన టెలిస్కోపు కటకం పగిలిపోయి, దంతపు చట్రంలో ఉంది. అక్క గాజు పెట్టె మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు అక్కడే నిలబడింది. ఎవరూ కదలమనలేదు.