సంయుక్త గర్భనిరోధక మాత్రలు: నన్ను అడగని ఒక ప్రశ్న

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే హార్మోన్లు రెండూ కలిసిన గర్భనిరోధక మాత్రలను కొన్నేళ్లపాటు వాడాక ఇది రాస్తున్నాను. నెలసరి క్రమపడుతుంది, నొప్పి తగ్గుతుంది అని అందరూ చెప్పేవి నా విషయంలోనూ నిజమయ్యాయి కాబట్టి వాటి జోలికి పోను. మాత్రలు రాసేటప్పుడు బి.పి. చూశారు, పొగతాగే అలవాటుందా అన్నారు, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన జబ్బు వచ్చిందా అని కూడా విచారించారు. తలనొప్పికి ముందు కళ్లముందు ఏమైనా మెరుస్తుందా అని మాత్రం అడగలేదు. నా కోపమంతా దాని మీదే.

ఒక మధ్యాహ్నం చదువుతుండగా పేజీ నడుమ అక్షరాలు కనబడకుండా పోయాయి. ఆ ఖాళీ అంచున రంపపు పళ్లలాంటి వెలుగుగీత పుట్టి, మెల్లగా పక్కకు విస్తరించి, అరగంటలోపే చూపు దాటిపోయింది. ఆ వెనకే ఒంటిపక్క తలనొప్పి పట్టుకుంది. చదువుకునే రోజుల నుంచీ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేదే గనక నాకది వింతగా తోచలేదు. అయితే ఈసారి వారం తిరక్కుండానే మళ్లీ రావడంతో వేరే డాక్టరుకు చూపించుకున్నాను. ఆవిడ అంతా విని, ఇది ఆరాతో, అంటే తలనొప్పికి ముందు చూపులో వచ్చే ఇలాంటి మార్పులతో కూడిన మైగ్రేన్ అని, ఆ మాత్రలు వెంటనే ఆపేయమని చెప్పారు. ఆరా ఉన్నవారికి మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతం ముప్పు మామూలుగానే కొంత ఎక్కువ. ఈస్ట్రోజెన్ తోడైతే అది ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హతా ప్రమాణాల్లో ఆరా ఉన్నవారికి ఈ మాత్రలు నాలుగో వర్గం, అంటే వాడకూడనివి. కళ్లముందు గీతలకూ గర్భనిరోధానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? వైద్యులే అడగవలసిన ప్రశ్న ఇది.

రక్తపు గడ్డల గురించి భయపడే స్నేహితురాళ్లకు ఒకప్పుడు నేనే అంకెలు చెప్పి ధైర్యమిచ్చేదాన్ని: ఏడాదిలో 10,000 మందికి, వాడనివారిలో 1 నుంచి 5, వాడేవారిలో 3 నుంచి 9, గర్భిణుల్లో 5 నుంచి 20. ఆ అంకెలు ఇప్పటికీ సరైనవే. కాకపోతే అవి సిరల్లో కట్టే గడ్డల లెక్క, అదీ అందరినీ కలిపి కట్టింది. నా తలనొప్పితో వచ్చే పక్షవాతం ముప్పు అందులో లేదు.

ఇప్పుడు ఈస్ట్రోజెన్ లేని, 75 మైక్రోగ్రాముల డెసోజెస్ట్రెల్ మాత్ర వేసుకుంటున్నాను. వేళ దాటినా 12 గంటల వరకు వెసులుబాటు ఉంది. నెలసరి మాత్రం చెప్పాపెట్టకుండా వస్తోంది, పాత మాత్ర ఇచ్చిన క్రమం కొరతగానే ఉంది. ఆరా గానీ బి.పి. సమస్య గానీ గడ్డల చరిత్ర గానీ లేని, పొగతాగని వారికి ఆ పాత మాత్రే బాగా నప్పవచ్చు. నాకు మాత్రం ఇక కుదరదు.