శ్రీకాకుళంలో గేర్ సైకిలు కొనేవాళ్ళకి: ఎడమ పెడలు, పక్కా బిల్లు చూసుకున్నాకే డబ్బు కట్టండి

మోకాలికి కట్టు కట్టుకుని ఇది రాస్తున్నాను. షాపు పేరు రాయను. కంపెనీ పేరూ రాయను. ఊళ్ళో ఏ షాపులో కొన్నా పనికొచ్చే విషయాలే చెప్తాను.

ఆదివారం పూట తీరిగ్గా కళింగపట్నం దాకా సైకిలు మీద వెళ్ళి రావాలని నాకు చాన్నాళ్ళుగా కోరిక. అరసవల్లి మీదుగా గార, అక్కణ్ణుంచి సముద్రం. పాతిక కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డంతా చదును. చివరికెళ్తే ఒక పక్క లైట్ హౌసు, ఇంకో పక్క వంశధార వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఓపికుంటే వచ్చేటప్పుడు శ్రీకూర్మం వైపు తిరిగి గుళ్ళో తాబేళ్ళని చూసి రావచ్చు. పొద్దెక్కాక సముద్రం గాలి లేస్తుంది కాబట్టి చీకటితోనే బయల్దేరాలి. అప్పుడు వెళ్ళేటప్పుడు ఎదురుగాలి ఉండదు, తిరిగొచ్చేటప్పుడు ఆ గాలే వెనక నుంచి తోస్తుంది.

దీనికి గేర్లు అక్కర్లేదని ఇప్పుడు తెలిసింది. ఎక్కడా ఎత్తు లేని రోడ్డుకి 21 గేర్లు ఎందుకు? షాపులో ఆ మాట ఎవరూ చెప్పరు, నాకూ అప్పుడు తట్టలేదు. నేను అడిగింది ఒక్కటే. ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి అల్లాయ్ ఫ్రేము, అంటే అల్యూమినియంది, కావాలన్నాను. "ఇది ఫుల్ అల్లాయ్ సార్, తుప్పన్న మాటే లేదు" అన్నారు. 13,500 చెప్పి 13,000కి ఇచ్చారు. నేనేదో బేరం గెలిచాననుకున్నాను.

బిల్లు అడిగితే "బిల్లంటే జీఎస్టీ 12 శాతం పైన పడుతుంది సార్, మీకెందుకు దండగ" అని చిన్న చీటీ చేతిలో పెట్టారు. పైన ఎస్టిమేట్ అని, కింద అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు అని అచ్చేసి ఉంది. ఫ్రేము నంబరు లేదు. వారంటీ కార్డు మీద స్టాంపు కూడా లేదు. ఫోన్‌పేలో కొట్టేసి సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆవిడ "బిల్లేదీ?" అంటే, 12 శాతం మిగిల్చానని గొప్పగా చెప్పాను కూడా.

ఆ ఆదివారం తెల్లవారుజామున నేనూ మా బావమరిదీ ఏడు రోడ్ల కూడలిలో టీ తాగి బయల్దేరాం. ఆదివారం కదా, అరసవల్లిలో అప్పటికే జనం. గుడి దాటినప్పటి నుంచి ఎడమ కాలి కింద టక్ టక్‌మని చిన్న శబ్దం. కొత్త సైకిలు, సర్దుకుంటుందిలే అనుకున్నాను. గార దాటిన కాసేపటికి ఎడమ పెడలు ఊడి రోడ్డు మీద పడింది. దానితోపాటు నేనూ పడ్డాను. వెనక చేపల బుట్టలతో వస్తున్న ఆటో అతను సమయానికి బ్రేకేశాడు కాబట్టి మోకాలితో పోయింది.

సైకిలు నడిపించుకుంటూ వెనక్కి గార వచ్చాం. అక్కడ పంచర్లు వేసే పెద్దాయన ఒకాయన పెడలు చేతిలోకి తీసుకుని, దాని కొసన చూసి నవ్వాడు. "ఎవుడు బిగించినాడు బాబూ ఇది? కుడిది అట్టుకెళ్ళి ఎడమకి పెట్టీసినాడు."

విషయం ఏంటంటే, ఎడమ పెడలుకి మర తిరగేసి ఉంటుంది. తొక్కేకొద్దీ వదులైపోకుండా ఉండడానికి అలా చేస్తారు. అందుకే పెడలు కొసన ఎల్, ఆర్ అని అక్షరాలు కొట్టి ఉంటాయి. కంపెనీ నుంచి సైకిలు సగం విప్పిన డబ్బాలో వస్తుంది. హ్యాండిలు, ముందు చక్రం, పెడళ్ళు షాపులోనే బిగిస్తారు. నా సైకిలు బిగించిన కుర్రాడు ఎల్, ఆర్ చూడకుండా పానాతో బలవంతంగా ఎక్కించేశాడు. పెడలు కడ్డీ ఇనుముది. అది దిగే క్రాంకు, అంటే పెడలుని ఇరుసుకి కలిపే చెయ్యి, మాత్రం మెత్తటి అల్యూమినియం. దాంతో లోపలి మర మొత్తం కోసుకుపోయింది. కుడి వైపూ అదే కథ. అది రేపో మాపో ఊడేది. "ఇంక బిగించినా నిలవదు బాబూ, క్రాంకులు రెండూ మార్చాల" అన్నాడాయన. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు.

ఇంకొకటి కూడా ఆయనే చూపించాడు. పంచర్ షాపులో మేకులు ఏరుకోడానికి పెట్టుకున్న అయస్కాంతం తెచ్చి ఫ్రేముకి ఆనించాడు. టపీమని అతుక్కుంది. అల్యూమినియానికి అయస్కాంతం అతుక్కోదు. అంటే ఫుల్ అల్లాయ్ అని నాకు అమ్మింది ఇనప ఫ్రేమే. ఇనుముది చెడ్డదని కాదు, మా నాన్న సైకిలూ ఇనుముదే, ముప్పై ఏళ్ళు తొక్కాడు. నాకు మండింది ఆ అబద్ధానికి. లైట్ హౌసు కూడా చూడకుండానే, ఆటో మీద సైకిలు కట్టించుకుని 300 ఇచ్చి ఇంటికొచ్చాం.

సోమవారం షాపుకి వెళ్తే ముందు "మీరే గుంతల్లో తొక్కుంటారు" అన్నారు. తర్వాత చీటీ మీద అచ్చేసిన వాక్యం చూపించారు. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బిల్లు ఫొటో పంపమన్నారు. లేని బిల్లు ఎక్కణ్ణుంచి తేను? 12 శాతం మిగిల్చానన్న గొప్ప అక్కడితో దిగిపోయింది. పైగా సైకిళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. ట్యాగు మీద ఉండే ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి దానిపైన మళ్ళీ జీఎస్టీ వేయకూడదు. ఈ రెండూ నాకు తెలియకపోవడం వల్లే ఆ మాట చెల్లింది.

మా బావమరిది స్నేహితుడు ఒకతను లాయరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పని అతనే చెప్పాడు. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపల, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపల వెనక్కి తీసుకోనంటే అదీ తప్పేనట. చీటీ మీద ఏం అచ్చేసుకున్నా అది చట్టం కాదు. చెల్లించినట్టు ఫోన్‌పే రికార్డు ఉంది, అది దాచుకోమన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. సరుకు ఖరీదు 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ దాకా గడువుంటుంది.

మీరు కొనడానికి వెళ్తే జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి. బోల్టులకి కాదు, ఫ్రేము గొట్టానికి ఆనించి చూడండి. ఎడమ పెడలు మీద ఎల్, కుడి దాని మీద ఆర్ ఉందో లేదో వంగి చూడండి. 15 నంబరు పానా అడిగి మీ ముందే బిగించమనండి. పానా పైకొస ముందు చక్రం వైపు తిరిగితే రెండు పెడళ్ళూ బిగుసుకోవాలి. పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున ఫ్రేము నంబరు కొట్టి ఉంటుంది, అది బిల్లులో రాయించుకోండి. ఇంటికి తేకముందు షాపు చుట్టూ నాలుగు రౌండ్లు తొక్కండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఫిర్యాదు నమోదైన మూడోరోజు షాపు నుంచి ఫోను వచ్చింది. క్రాంకులు, పెడళ్ళు ఉచితంగా మారుస్తారట, ఫ్రేము సంగతి మాత్రం మాట్లాడరట. నాకు డబ్బు వెనక్కి కావాలని చెప్పి పెట్టేశాను. సైకిలు వరండాలో ఒంటి పెడలుతో ఉంది. ఏం తేలిందో ఇక్కడే రాస్తాను.