కోనసీమ ఇంట్లో కార్న్ స్నేక్: నార్మల్, అనెరీ, అమెల్, స్నో... ఏది మేలు?

మా మేనల్లుడిది వేసవి సెలవుల నుంచీ ఒకటే గోల, ఇళ్లలో పెంచుకునే కార్న్ స్నేక్ అనే పాము కావాలని. అందులో ఉన్న రంగు రకాల్లో వాడి మనసు నార్మల్ మీద ఉంది. నాకేమో అమలాపురం చుట్టుపక్కల ఇళ్లలో నార్మల్ పెంచడం సుతరామూ ఇష్టం లేదు.

నార్మల్ అంటే ఆ పాముకు అడవిలో ఉండే అసలు రంగు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది, విషం లేనిది. నారింజ, గోధుమ కలిసిన ఒంటి మీద ఎర్రటి మచ్చలు, ప్రతి మచ్చ చుట్టూ నల్ల అంచు, పొట్ట కింద చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్లు. అందమైన పామే, కాదనను. కానీ ఒక రాత్రి డబ్బా మూత సందులోంచి జారిపోయి తెల్లారి పెరట్లో కొబ్బరి మట్టల కింద కనిపించిందనుకోండి, ఆ గోధుమరంగు, ఆ మచ్చలు చూసి పక్కింటివాళ్లు రక్తపింజర అని కర్ర తీస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. నా అసలు భయం అది కూడా కాదు. రోజూ మచ్చల పామును చేతికి చుట్టుకుని తిరిగే పిల్లాడు కోతలప్పుడు వరి పనల కింద నిజమైన రక్తపింజరను చూసి చెయ్యి చాపితే? ఈ ఒక్క కారణం చాలు, పిల్లలున్న ఇంట్లో నార్మల్ వద్దనడానికి.

అనెరీలో ఎరుపు ఉండదు, బూడిద మీద నలుపు. ఖరీదైన పట్టుచీర అంచులా ఉంటుంది, నాకు చాలా ఇష్టం. కానీ బూడిద, నలుపు కలిసిన పాము ఇంట్లో కనబడితే మనవాళ్ల నోట ముందు వచ్చే మాట కట్లపాము.

అమెల్‌లో నలుపు అస్సలుండదు. ఒళ్లంతా ఎరుపు, నారింజ, కళ్లు కూడా ఎర్రగా ఉంటాయి. మన చేలల్లో మామూలుగా తిరిగే పాములేవీ ఈ రంగులో ఉండవు, టార్చి వెలుగులో కూడా పెంపుడు పామని తెలిసిపోతుంది. నా ఓటు దీనికే. అమెల్, అనెరీ జన్యువులు రెండూ కలిస్తే స్నో, గులాబి ఛాయ ఉన్న తెలుపు. ఒంటి మీద నల్లటి పురుగులు పాకితే వెంటనే కనిపిస్తాయి కాబట్టి రెండో స్థానం దానికిస్తాను.

కొనేటప్పుడు డబ్బా మీద రాసిన పేరు నమ్మకండి, పాము పిల్లల రంగు పెరిగేకొద్దీ మారుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో పెన్సిలంత లావున్న రెండు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూశాను, రెండూ బూడిదగానే ఉన్నాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే ఒకదాని మెడ మీద, మచ్చకీ మచ్చకీ మధ్య సన్నగా నారింజ తేలింది. అది నార్మల్, రెండోది అనెరీ. అనెరీకి పెద్దయ్యాక గొంతు దగ్గర పసుపు ఎక్కుతుంది, అస్సలు ఎక్కకపోతే చార్‌కోల్ అనే మరో బూడిద రకం కావచ్చు. తిరగేసి పొట్ట కూడా చూడండి, గళ్లు లేకపోతే మోట్లీ, స్ట్రైప్, బ్లడ్‌రెడ్ అనే వేరే రకాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది.

దిగుమతి కాగితాలు చూడందే డబ్బు ఇవ్వకండి. ఇవన్నీ ఎందుకని చేలో జెర్రిపోతును పట్టి తెచ్చుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఏ రంగైనా పెంపకం ఒకటే. 15, 20 ఏళ్లు బతుకుతుంది. డబ్బాలో ఒక పక్క 29, 30 డిగ్రీలు, రెండో పక్క 24, 25 ఉండాలి. చలిదేశాల్లో వేడి చెయ్యడానికి కష్టపడతారు, మనకు చల్లగా ఉంచడమే పెద్ద పని. కొబ్బరి పొట్టు చవకగా దొరుకుతుంది కదా అని మందంగా పరవకండి, మన గాలిలో ఉన్న తేమకు అది ఆరదు, పొట్ట కింద పొలుసులు పుండ్లు పడతాయి. పాత న్యూస్‌పేపరు మేలు. చేలో ఎలుకల్ని మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, వాటి కడుపులో ఏ మందు ఉందో తెలీదు.

మా ఇంట్లో క్లిప్పుల మూత ఉన్న డబ్బా కొన్నాం, పాము ఇంకా రాలేదు. రెండు వారాలుగా అందులో థర్మామీటర్ పెట్టి వాడిచేత మూడు పూటలా రాయిస్తున్నాను. మధ్యాహ్నం చల్లటి పక్కే 33 చూపిస్తోంది. డబ్బాను డాబా మీది గది నుంచి కింద ఉత్తరం గదిలోకి మార్చాం, అక్కడ లెక్క కుదిరాకే అమెల్ సంగతి.